శనివారం సంబంధం

మా ఇంట్లో పెళ్ళిచూపులు మాన్పించి గుడిచూపులు మొదలుపెట్టింది మా అమ్మే. ఏడో సంబంధం వాళ్ళు కూడా ఉప్మా తిని, చాయ్ తాగి, "ఫోన్ చేసి చెప్తం" అని లేచిపోయారు. వారం గడిచింది. ఎదురింటామె వాకిట్లో చీపురు పట్టుకుని నిలబడి, "ఏందక్కా, గీళ్ళు గూడ గంతేనా?" అని అడిగింది. అమ్మ ఇంట్లోకి వచ్చి తలుపు దగ్గరికి వేసి, "ఇగ ఎవ్వర్ని ఇంటికి రానియ్య" అంది.

నాచారంలో మాది ఇరుకు గల్లీ. కారు వస్తే మొదట్లోనే ఆగిపోతుంది. ఇస్త్రీ బట్టల్లో నలుగురు మనుషులు దిగి, ఇంటి నంబర్లు చూసుకుంటూ నడిచి వస్తుంటే వాళ్ళు ఎవరింటికో, ఎందుకో గల్లీ మొత్తానికి ఎరుకే. మళ్ళీ రాకపోతే అదీ ఎరుకే. గుడిలో అయితే ఆ బాధ లేదు. రెండు కుటుంబాలూ అనుకోకుండా ఎదురుపడ్డట్టు కలుస్తాయి. నచ్చితే మాట ముందుకు పోతుంది, లేకపోతే ఎవరి ప్రసాదం వాళ్ళు తీసుకుని ఎవరి దారిన వాళ్ళు పోవచ్చు. అప్పట్లో మావైపు చాలామంది అట్లాగే చేసేవాళ్ళు.

నేను బడికి పోలేదు. చిన్నప్పుడు ఆయాసం ఉండేది. ఫ్యాక్టరీల వైపు నుంచి గాలి తిరిగిన రోజు డొక్కలు ఎగరేసుకుంటూ కూర్చునేదాన్ని. దవాఖానాలో డాక్టరమ్మ కొన్నేళ్ళు ఇంట్లోనే ఉంచమంది. అమ్మ ఇంటర్ దాకా చదివింది. వంటింటి గడప మీద నన్ను కూర్చోబెట్టుకుని, ఒక చేత్తో అన్నం కలియబెడుతూ అక్షరాలూ లెక్కలూ సుమతీ శతకమూ అన్నీ తనే నేర్పింది. ఆయాసం తగ్గింది కానీ బడి మాట మళ్ళీ రాలేదు. పదో తరగతి ఓపెన్‌లో రాశాను, డిగ్రీ కూడా అట్లాగే. మా క్లాసులో ఉన్నది నేనొక్కదాన్నే. ఫస్టూ నేనే, లాస్టూ నేనే. నాకున్న ఒకే టీచరు అమ్మ. ఆమె చెప్పింది నిజమా కాదా అని చూసుకోవడానికి పక్క బెంచీ కూడా లేదు.

సాయంత్రం దీపం పెట్టాక ఆ రోజు జరిగిన మంచి మూడు చెప్పుకుని దండం పెట్టడం కూడా ఆమె నేర్పిందే. నీళ్ళు టైముకు వచ్చినయి, సంతోషం స్వామీ. బాపు షిఫ్టు నుంచి క్షేమంగా వచ్చిండు, సంతోషం. గాలి మంచిగ ఆడుతుంది, సంతోషం. ఆ చెప్పుకోవడం నాకు ఇష్టంగా ఉండేది, ఇప్పటికీ ఉంది. కానీ ఆ ఏడు సంబంధాల కాలంలో మూడు దొరకడమే కష్టమైపోయింది.

ప్రతి చూపులకూ ముందు శుక్రవారం ఒక్కపొద్దు, పొద్దున్నే తలస్నానం, అదే గులాబీ రంగు చీర. ప్రతిసారీ అదే ప్రశ్న: "బడికి పోలేదా? ఎందుకు, ఏమన్న రోగమా?" ఒకామె నన్ను పేపరు పైకి చదవమంది. చదివితే, "మంచిగనే చదువుతుందే!" అని పక్కామె వైపు చూసి ఆశ్చర్యపోయింది. ఇంకొకాయన నన్నేమీ అడగకుండా బాపునే అడిగాడు, నేను మాట్లాడతానా అని. మొదటి రెండు సంబంధాలప్పుడు వాళ్ళు వెళ్ళిన దారి వైపు చూస్తూ కూర్చున్నాను. అయిదో సంబంధం నాటికి ఫోన్ మోగితే లేచి వంటింట్లోకి పోయేదాన్ని. "ఈసారన్నా కుదుర్చు స్వామీ" అని మొక్కే నేను, ఏడోసారికి "వీళ్ళు తొందరగా లేచిపోతే చాలు స్వామీ" అని మొక్కాను. ఆ రోజు దీపం దగ్గర నాకు దొరికిన మంచి ఒక్కటే, చాయ్ ఒలకలేదని.

అట్లాంటప్పుడు వచ్చింది ఎనిమిదో సంబంధం. అబ్బాయి ఉప్పల్‌లో ఒక కంపెనీలో పనిచేసేవాడు, తయారైన సామాను సరిగ్గా ఉందో లేదో చూసి ముద్ర వేసే పని. శనివారం మా వేంకటేశ్వరస్వామి గుడిలో కలిశాం. ధ్వజస్తంభం దగ్గర అతను చెప్పిన మాట నాకు ఇప్పటికీ గుర్తుంది.

"ఒక్కసారి చూసి ఏం చెప్తమండి? నాలుగైదు శనివారాలు కలుద్దాం. మాట్లాడుకుందాం. మీకు ఇష్టమైతెనే."

మీకు ఇష్టమైతే. ఏడు సంబంధాల్లో ఎవరూ అనని మాట. నేను తలూపాను. అతని తల్లీ మా అమ్మా ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నారు. సంతోషం పట్టలేక నవ్వారనుకున్నాను.

ఆ రోజు నుంచి మా మాటలన్నీ ప్రదక్షిణల్లోనే. పదకొండు చుట్లు. తల్లులిద్దరూ మండపంలో కూర్చునేవాళ్ళు. గర్భగుడి ముందు నుంచి నడిచేటప్పుడు ఇద్దరం గోవింద నామం చెప్పుకునేవాళ్ళం, వెనక్కి మళ్ళాక మాట్లాడుకునేవాళ్ళం. వెనక వైపు అతని నడక నెమ్మదయ్యేది. చెయ్యి తగిలేంత దగ్గరికి ఎప్పుడూ రాలేదు. ఆ మర్యాదకు కూడా నేను దేవుడికి దండం పెట్టాను.

"మీ క్లాసుల అల్లరి ఎవరు చేసేటోళ్ళు?" అని అడిగాడు ఒకసారి.

"నేనే."

"దెబ్బలెవరికి పడేవి?"

"అదీ నాకే."

అతను గట్టిగా నవ్వేసి, గుడని గుర్తొచ్చి నోరు మూసుకున్నాడు. పదకొండు చుట్లు ఇరవై ఒకటయ్యాయి. "ఏం తల్లీ, మొక్కు పెద్దగనే ఉన్నట్టుంది" అన్నారు పూజారిగారు తీర్థం ఇస్తూ. నాకు చెవులు వేడెక్కాయి.

బందు రోజుల్లో ఒక శనివారం ఆటోలు లేవు, బస్సుల్లేవు, బండ్లను కూడా ఆపేస్తున్నారు. ఇక రాడులే అనుకున్నాను. చెమటతో చొక్కా వీపుకంటుకుని, ఉప్పల్ నుంచి నడిచి వచ్చాడు. "మీతోని మాట్లాడితే మనసు నిమ్మళమైతది" అన్నాడు. ఆ సాయంత్రం దీపం దగ్గర మూడుతో ఆగలేకపోయాను.

శుక్రవారం రాగానే అమ్మ బియ్యం ఏరుతూ అడిగేది: "రేపు ఏం మాట్లాడుతవ్?"

"ఏమో అమ్మా, ఏదొస్తే అది."

"ఏదొస్తే అది గాదు. కుట్టుపని సంగతి చెప్పు. డిగ్రీ మార్కులు చెప్పు. ఆయాసం సంగతి మాత్రం ఇప్పుడే తియ్యకు."

తల్లి కదా, భయపడుతోందనుకున్నాను. కానీ నాలుగో శనివారం గర్భగుడి వెనక ఆయాసం సంగతి చెప్పేశాను. దేవుడి చుట్టూ తిరుగుతూ దాచడం నా వల్ల కాలేదు. అతను నిలబడి విన్నాడు. "చెప్పి మంచిపని చేసిన్రు. దాచిపెట్టే మనుషులు నాకు నచ్చరు" అన్నాడు.

ఈ మాట నిజంగా అన్నాడు. నేను కల్పించలేదు.

ఆరో వారం. ఆ శనివారం అతను తన జవాబు చెప్పాలి, నేను నాది చెప్పాలి. నా జవాబు తయారుగా ఉంది. గురువారం నాడు ఫాల్, పీకో కుట్టిన చీరల మూట ఉప్పల్‌లో దుకాణానికి ఇచ్చి వస్తున్నాను. మెట్రో కోసం రోడ్డు మధ్యలో గుంతలు తవ్వుతున్న రోజులు. దుమ్ముకు చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుని నడుస్తుంటే సాయిబాబా గుడిలో హారతి గంట వినపడింది. ఎప్పుడూ ఆ గుడికి పోనిదాన్ని. ఇంత మంచి మనిషిని చూపించినందుకు ఏ దేవుడికి దండం పెడితే ఏముందిలే అనుకుని లోపలికి వెళ్ళాను.

హారతి అయ్యాక జనం పలచబడ్డారు. ప్రదక్షిణ చేసే దారిలో అతను. పక్కన చిలకపచ్చ చీరలో ఒక అమ్మాయి. స్తంభానికి ఆనుకుని ఆ అమ్మాయి తండ్రి కాబోలు, జేబురుమాలుతో మెడ తుడుచుకుంటూ వాళ్ళనే చూస్తున్నాడు. వెనక మలుపు దగ్గర అతని నడక నెమ్మదయింది. ఆ నడక నాకు తెలుసు.

తిరిగి ముందుకు వచ్చినప్పుడు నన్ను చూశాడు. ఆగలేదు. దేవుడి వైపు తిరిగి కళ్ళు మూసుకుని దండం పెట్టుకుని, మళ్ళీ చుట్టు మొదలుపెట్టాడు.

బయట చెప్పులు చూసుకునే ఆమె దగ్గరికి వచ్చి పడ్డాను. నా మొహం చూసి నీళ్ళ సీసా ఇచ్చింది. ఎందుకడిగానో, అడిగాను: "లోపల నీలం చొక్కా ఆయన... రోజూ వస్తడా?"

"ఆ పొడుగు పిలగాడా? రోజు రాడమ్మా. గురువారం గురువారం వస్తడు. నెల దాటింది. భక్తి మస్తుంది."

"ఒక్కడేనా?"

"ఆ పిల్లతోని." ఆమె గొంతు తగ్గించింది. "మా చెల్లె నాగోల్‌ల ఆంజనేయస్వామి గుడికాడ చెప్పులు చూస్తది. మంగళారం ఆడికి గూడ వస్తడంట. బండి నంబరు చెప్పింది, గిదే. ఆడ ఇంకో పిల్ల. శుక్రారం యాడికి పోతడో మాకెరుక లేదు. గా దినం అమ్మవారిది గద."

చెప్పి, ఏదో తట్టినట్టు నన్ను కిందినుంచి పైకి చూసింది. "నీది ఏ వారం బిడ్డా?"

"శనివారం" అన్నాను.

ఆమె నాలుక కరుచుకుంది. నా చెప్పులు తనే తీసి నా కాళ్ళ ముందు పెట్టింది.

ఇంటికి వచ్చేసరికి అమ్మ చిక్కుడుకాయలు ఈనె తీస్తోంది. చెప్పాను. ఏడుస్తూ, దగ్గుతూ, మధ్యలో ఊపిరి అందక ఆగుతూ మొత్తం చెప్పాను. అమ్మ చేతులు ఆగుతాయని చూశాను. అవి ఆగలేదు.

"నాకెరుకే" అంది.

మొదట అర్థం కాలేదు.

"ఆళ్ళమ్మ మొదాలే చెప్పింది. మావోడు నలుగురిని చూస్తుండు, అందరితోని జరన్ని రోజులు మాట్లాడి ఒకరిని ఖాయం జేసుకుంటడు, మీకిష్టమైతెనే అన్నది. నేను సరే అన్న."

ధ్వజస్తంభం దగ్గర వాళ్ళిద్దరూ నవ్వుకున్న నవ్వు గుర్తొచ్చింది.

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

"చెప్తె పోతువా?"

"పోకపోదును."

"గందుకే." అప్పుడు ఆమె చేతులు ఆగాయి. "నలుగుర్ల నువ్వే ఫస్టొస్తవనుకున్ననే. నేను చదివించిన పిల్లవు. ఏ బడికి పంపకున్నా అందరికన్న మంచిగ చదివించిన. ఒక్కసారన్న నలుగుర్ల నిలబడి గెలుస్తవనుకున్న."

శుక్రవారాల బియ్యం ఏరడం, రేపేం మాట్లాడుతవ్ అనడం, మార్కులు చెప్పమనడం. నేను మనసు విప్పి మాట్లాడుతున్నాననుకున్న అయిదు శనివారాలూ ఆమె నన్ను పరీక్షకు పంపింది. అతను ముద్ర వేసే మనిషి, చూసి పక్కన పెట్టడం అతని పని. అతని మీద కోపం వచ్చింది, పోయింది. అమ్మ మీద వచ్చింది అట్లాంటిది కాదు. అబద్ధమాడితే కళ్ళు పోతాయని నాకు నేర్పింది ఆమె. ఆ గడప మీద ఇంకా ఏమేం నేర్పిందో, అందులో ఏది నిజమో, ఆ పూట కూర్చుని ఒక్కొక్కటే తీసి చూసుకున్నాను.

మరుసటి రోజు అతను ఫోన్ చేశాడు. "నేను అబద్ధమేం చెప్పలేదండి. మీరు అడగలేదు" అన్నాడు. "మీ ఇంట్ల ఎరుకే గద, మీకూ చెప్పిన్రనుకున్న." నిజంగానే అనుకున్నాడో ఏమో. అట్లాగైతే గురువారం నన్ను చూసి కళ్ళెందుకు మూసుకున్నట్టు? అడగలేదు. ఫోన్ పెట్టేశాను. శనివారం గుడికి పోలేదు.

ఆదివారం అతని తల్లి ఫోన్ చేసింది. అమ్మ మాట్లాడుతూ మాట్లాడుతూ లేచి నిలబడింది. ఫోన్ కింది భాగం అరచేత్తో మూసి నా వైపు తిరిగింది. మొహం వెలిగిపోతోంది.

"నిన్నే ఖాయం జేసిన్రే! నలుగుర్ల నిన్నే!"

దాచను. ఆ మాట విన్న ఒక్క క్షణం నాకు సంతోషమైంది. ఏడుసార్లు వద్దనిపించుకున్న మనిషిని, కాకుండా ఎట్లా ఉంటుంది? గుండెలో ఏదో లేచి నిలబడింది. చిలకపచ్చ చీర అమ్మాయికి కూడా ఈ పాటికి ఫోన్ పోయి ఉంటుంది. ఆమె తల్లికి కూడా ముందే ఎరుకేనా? ఆమె కూడా ఏ గడప మీదనో కూర్చుని ఏడుస్తోందా? లేచి నిలబడ్డది కూర్చుండిపోయింది.

చెయ్యి చాపి ఫోన్ తీసుకున్నాను.

"ఆంటీ, నాకిష్టం లేదు. మీ అబ్బాయికి మంచి జరగాలె."

"అదేంది బిడ్డా? మావోడు అందర్ల నిన్నే మెచ్చిండు!"

"ఆయన అందర్ని చూసిండు ఆంటీ. నేను ఆయన్నొక్కన్నే చూసిన."

ఆమె, "గింత పంతం ఆడపిల్లకు పనికిరాదు" అంది. "సరే ఆంటీ" అన్నాను. ఫోన్ గూట్లో పెట్టాను. ఒక సంబంధానికి నేను జవాబు చెప్పడం అదే మొదటిసారి. గెలిచినట్టేమీ అనిపించలేదు, నిద్ర ముంచుకొచ్చింది. మధ్యాహ్నం పడుకుని దీపాల వేళకు లేచాను.

అమ్మ నాతో పదిరోజులు సరిగ్గా మాట్లాడలేదు. "నీకోసమే చేసిన" అని మాత్రం గోడకు చెప్పినట్టు రెండుసార్లు అంది. బాపుకు అప్పటిదాకా ఆ నలుగురి సంగతి తెలియదు. తెలిశాక కంచం ముందు కూర్చుని, "ఎనిమిదిమందికి చూపించినం. ఇగ పిల్లను జర దమ్ము తీసుకోనియ్యి" అన్నాడు. మరునాడు షిఫ్టు దిగి నేరుగా ఉప్పల్ పోయి, మ్యారేజ్ బ్యూరోలో ఉన్న నా ఫోటో అడిగి తెచ్చి నా చేతిలో పెట్టాడు. "నువ్వు ఇస్తెనే మళ్ళ ఇస్త" అన్నాడు.

ఆరు నెలలు ఎవరూ రాలేదు. మొదట్లో శనివారం వస్తే ఏం చేయాలో తోచేది కాదు. గుడికి పోవాలంటే ఆ వెనక మలుపు గుర్తొచ్చేది. నువ్వు చూస్తనే ఉన్నవు గద, ఎందుకు చెప్పలేదు అని స్వామి మీద కూడా అలిగాను. రెండు నెలల తర్వాత ఒక సోమవారం, మా నలుగురిలో ఎవరి వారమూ కాని వారం అనుకుని వెళ్ళాను. మూడే చుట్లు తిరిగాను. ఏమీ అడగలేదు. వెనక మలుపులో గోడకు ఒక తొర్ర ఉంది, అందులో పావురం గూడు పెట్టింది. అయిదు శనివారాలు అటే నడిచి దాన్ని చూడనే లేదు. వస్తూ వస్తూ అనిపించింది, గురువారం ఆ హారతి గంట వినిపించింది స్వామి కాక ఇంకెవరు, చెప్పనిదెక్కడ? సాయిబాబా గుడి చెప్పులామెకు ఒక చీరకు ఫాల్ కుట్టి ఇచ్చాను. "నీ నోట్ల చక్కెర పొయ్య" అంటే, "నా నోరే నా శత్రువంటడు మా ఆయన" అని నవ్వింది.

ఆ నెలల్లో నెమ్మదిగా ఒకటి తెలిసింది. నన్ను అలిసిపోయేట్టు చేసింది వాళ్ళు వద్దనడం ఒక్కటే కాదు. ప్రతిసారీ ఒక్కపొద్దుండి, జీవితమంతా ఆ అరగంటలో పెట్టి, నన్ను నేను ఉప్మా పళ్ళెంలాగా ముందుకు జరపడం. ఇక చూపుల కోసం ఉపవాసం ఉండననుకున్నాను. ఉంటే దేవుడి కోసమే. గులాబీ చీర పిన్నికి ఇచ్చేశాను. చూసేది ఒక్కరినే, వాళ్ళ సంగతి తేలేదాకా ఇంకొకరిని కాదు. అది కూడా మా ఇంట్లోనే, తలుపు తీసిపెట్టి. గల్లీ చూస్తే చూడనీ. ఎదురింటామె అడిగితే "అవునక్కా, ఈళ్ళు గూడ గంతే" అనడానికి కూడా తయారయ్యాను. చిత్రం, అట్లా అనుకున్నాక ఆమె అడగడమే మానేసింది.

అమ్మతో మాటలు మళ్ళీ కలిశాయి. ఒకే వంటింట్లో ఎన్నాళ్ళు ఉంటాయి అలకలు. కానీ ఆమె "పాలు విరిగినయి" అంటే నేను వెళ్ళి గిన్నె చూసేదాన్ని. ఆమె గమనించింది.

ఫోటో నేనే బాపుకు మళ్ళీ ఇచ్చాక తొమ్మిదో సంబంధం వచ్చింది. ఆదివారం వస్తామన్నారు. శుక్రవారం నాడు మిషన్ మీద కుడుతుంటే అమ్మ వచ్చి పక్కన నిలబడింది. కొంగు వేలికి చుట్టుకుంటోంది.

"నీకో మాట చెప్పాలె."

మిషన్ ఆపాను.

"ఎల్లుండొచ్చే పిలగాడు పోయిన నెల దమ్మాయిగూడల ఒక పిల్లను చూసిండట. ఆళ్ళకు ఇంకా జవాబు చెప్పలేదట. మధ్యవర్తి చెప్పిండు." కొంగు వదిలేసింది. "నీకు చెప్పుమని ఎవ్వరు చెప్పలే. నేనే చెప్తున్న."

"ఇంకేమన్నా ఉన్నదా అమ్మా?"

"లేదు."

"ఒట్టు?"

మా ఇంట్లో ఒట్లు లేవు. నిజం చెప్పేవాళ్ళకు ఒట్టు పనిలేదని అమ్మ ఎవరినీ పెట్టనిచ్చేది కాదు. ఆమె నన్ను చూసింది. దెబ్బ తగిలిన మనిషి చూసినట్టు చూసింది. తర్వాత చెయ్యి తెచ్చి నా తల మీద పెట్టింది. చేతికి పసుపు వాసన. "ఒట్టు" అంది.

"సరే, రానియ్యి" అన్నాను.

ఆమె వంటింట్లోకి పోయింది. నేను బాపు దగ్గర ఆ అబ్బాయి నంబరు తీసుకుని, వరండాలోకి వెళ్ళి ఫోన్ చేశాను. దమ్మాయిగూడ సంగతి అడిగాను. అటు కాస్త తడబడి, "నిజమేనండి. వచ్చినప్పుడు నేనే చెప్దామనుకున్న. రేపటిదాకా ఆగండి, వాళ్ళకు జవాబు చెప్పే మీ దగ్గరికొస్త" అన్నాడు. ఇంకెవరినైనా చూశారా అని కూడా అడిగాను. లేదన్నాడు. చెప్పినందుకు సంతోషమన్నాను, మనసులోంచే అన్నాను.

అమ్మ చెప్పింది నిజమే. వంటింటి కిటికీ వరండాలోకే ఉంటుంది. నేను అడిగిందంతా ఆమెకు వినపడింది.